బాలీసులో దాచిన పేర్లు

మా ఇంట్లో మూలగదిలో, ఇనుప పెట్టె మీద ఒక పాత బాలీసు ఉంది. శాటిన్ గలీబు ఒకప్పుడు మంచి ఎరుపు, ఇప్పుడు ఎండిన మిరపతొక్కు రంగుకు దిగింది. మా మనవరాలు దాన్ని చూసినప్పుడల్లా ముక్కు చిట్లించి, "జేజీ, దీన్ని పారేస్తే ఇంట్లో దోమలన్నా తగ్గుతాయి" అంటుంది. ముసురు పట్టిన రోజుల్లో నేను దానికి ముఖం ఆనించి వాసన చూస్తాను. ముందు ముక్కిన దూది వాసన వస్తుంది, కాసేపటికి దాని వెనక నుంచి ఎండు నిమ్మకాయ వాసన వస్తుంది. నలభై ఏళ్లు దాటినా ఆ వాసన పోలేదు, పోతే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

మేము కడప వైపు దూదేకులవాళ్లం. నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో. నాయన పేరు హుస్సేనప్ప, పరుపులు కుట్టేవాడు. డెబ్బైల్లో బొంబాయిలో ఓడ ఎక్కి, దూదేకే విల్లును గోనెపట్టాలో చుట్టి చంకన పెట్టుకుని కువైట్ చేరాడు. కాస్త కుదురుకున్నాక అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. ఎడారి అంటే ఇసుక దిబ్బలు, ఒంటెలు చూస్తానని ఎగిరెగిరి పడుతూ పోయినదాన్ని, చివరికి చూసింది దూది. కువైట్ సిటీ పాత బజారు వెనక మట్టిగోడల ఇంట్లో ఒక గది మాకు, ఒక గది నాయన దూదికి. విల్లు నారిని నాయన కొయ్యతో కొడుతుంటే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ధుంయ్ ధుంయ్ మని ఇల్లంతా మోగేది, దూది పింజలు లేచి చెమట పట్టిన మా ఒళ్లకు అంటుకునేవి, అన్నం తినేటప్పుడు కంచంలోంచి ఏరి పారేయాల్సి వచ్చేది.

ఆ ఇంటి నడిమి వాకిట్లో ఒక రేగిచెట్టు ఉండేది. ఎండాకాలం ఇనుప తలుపు గొళ్లెం ముట్టుకుంటే వేలు బొబ్బెక్కేది, సముద్రం నుంచి ఉక్క వచ్చిన రోజున ఆరేసిన బట్టలు ఆరేవి కావు, తోజ్ అని వాళ్లు పిలిచే దుమ్ముగాలి లేస్తే పట్టపగలే దీపం పెట్టుకుని, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, పళ్లల్లో ఇసుక కరకరమంటుంటే దుప్పటి కింద కూర్చునేవాళ్లం. చలికాలం మాత్రం ఎంత బాగుండేదో. చెట్టు కింద ఎండలో కూర్చుని ఖర్జూరపు గింజలతో అచ్చంగాయలు ఆడేదాన్ని. బడి నుంచి ఇంటికొచ్చాక నాతో ఆడడానికి నా ఈడు పిల్లలెవరూ లేరు. డెబ్బైకి దగ్గరపడిన బీబీ ఒక్కతే ఉండేది.

బీబీ అంటే ఆ ఇంటి ఆవిడ. మిగతా రెండు గదులూ ఆమెవి. భర్త బట్టల వర్తకుడు, ఎప్పుడో పోయాడు. ఆమెకు పిల్లలు లేరు. భర్త మొదటి భార్య కొడుకు ఊరి బయట సల్వా పేటలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. అతనే నాయనకు కఫీల్ కూడా, అంటే మేము ఆ దేశంలో ఉండడానికి పూచీ పడిన మనిషి. బీబీకి చిన్నప్పుడు బొంబాయిలో మేనమామ ఇంట్లో కొన్నాళ్లుండి నేర్చుకున్న హిందూస్తానీ వచ్చు, మా అమ్మకు కడప బజారులో నేర్చుకున్న ఉర్దూ వచ్చు. రెండూ కుంటివే కాబట్టి ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని బాగానే నడిచేవి.

ఆమె యూదుల బిడ్డ అని వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ముస్లింను పెళ్లాడి మతం మారింది. పేరు మరియం అయింది. ఐదు పూటలా నమాజు చేసేది, రంజాను ఉపవాసాలు మా అమ్మ కంటే నిష్ఠగా ఉండేది. కానీ శుక్రవారం మధ్యాహ్నం కోడి కడుపులో బియ్యమూ మసాలా కూరి, గిన్నెలో పెట్టి, మూత మీద గుడ్లు పేర్చి, కిరసనాయిలు పొయ్యి సన్నం చేసి, పైన పాత బొంత కప్పి, మర్నాడు మధ్యాహ్నం దాకా దాని జోలికి పోయేది కాదు. శనివారం పొయ్యి ముట్టించకూడదని వాళ్లమ్మ నేర్పిన అలవాటట. మనిషి మతం మారింది గానీ చెయ్యి మారలేదు. మేము చేరిన కొత్తలో అమ్మ ఆ పొయ్యి చూసి, ముసలామె మర్చిపోయిందనుకుని, పుణ్యం కట్టుకుందామని ఆర్పేసింది. మర్నాడు బీబీ పచ్చికోడిని చూసి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. అది మా మంచితనం ఆ ఇంటికి చేసిన మొదటి చేటు.

శనివారం మధ్యాహ్నం గోధుమరంగుకు తిరిగిన ఆ గుడ్లు వలిచి నా చేతిలో పెట్టేది. వాటితో బొంబాయి నుంచి డబ్బాల్లో వచ్చే మామిడి ఊరగాయ, పచ్చగా, మెంతి వాసనతో, కారం పేరుకైనా లేకుండా. అమ్మ నాలుకకు రాసుకుని, "ఇది ఊరగాయా, జరమొచ్చినోళ్ల పథ్యమా? అట్లకాదు బీబీ, నేను పెడ్తా సూడు" అని కడప కారం దట్టించి పెట్టింది. బీబీ ఒక ముక్క నోట్లో వేసుకుని రెండు చెంబుల నీళ్లు తాగింది. ఆ తర్వాత అది లేకుండా ఒక్కపూట కూడా తినలేదు. "ఏకై వచ్చి మేకై కూచున్నాం లే ఈ ఇంట్లో" అని నాయన నవ్వేవాడు. దూదేకులవాడి నోట ఆ సామెత వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆమె చెప్పిన కథలన్నీ ఆ వాకిట్లోనే విన్నాను. ఆమె చిన్నతనంలో ఆ వీధిలో యూదుల ఇళ్లు వరసగా ఉండేవట. బస్రా నుంచీ బాగ్దాదు నుంచీ వచ్చిన వాళ్లు, బొంబాయి నుంచి తానులు తెప్పించి అమ్మేవాళ్లు. వసంతంలో ఒక పండుగకు వారం రోజులు పొంగని రొట్టె తప్ప తినకూడదట, ఆ వారానికి ముందు ఇల్లంతా ఊడ్చి, పిల్లల జేబులు కూడా తిరగేసి రొట్టె పొడి దులిపేవాళ్లట. ఎండలు తగ్గాక ఇంకొక పండుగకు మిద్దె మీద ఖర్జూరపు మట్టలతో పందిరి వేసి, అందులో దానిమ్మకాయలు వేలాడదీసి, దాని కిందే భోజనాలు. పందిరి సందుల్లోంచి చుక్కలు కనబడాలట, లేకపోతే పందిరి కింద లెక్క కాదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తల పైకెత్తి రేగికొమ్మల్లోకి చూసేది.

ఆమె తండ్రి వాళ్ల ప్రార్థనలు నడిపేవాడు, మగపిల్లలకు చదువు చెప్పేవాడు. పదిమంది మగవాళ్లు కూడితే తప్ప వాళ్ల సామూహిక ప్రార్థన మొదలుకాదు. ఒక్కొక్క ఇల్లే బస్రాకూ బొంబాయికీ తరలిపోగా చివరికి తొమ్మిదిమంది మిగిలారట. బస్రా పడవలో ఎవరైనా తమవాడు దిగుతాడేమోనని రేవుకు మనిషిని పంపి, ప్రార్థన మందిరం గుమ్మంలో ఎదురుచూసేవాళ్లట. ఒక శనివారం మధ్యాహ్నం దాకా చూసి ఎవరి ఇంటికి వాళ్లు పోయారు. ఆ తర్వాత ఆ తలుపు తెరవలేదు.

ఆ తండ్రి ఒక పుస్తకం రాసేవాడు. ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డ పేరు, ప్రతి పెళ్లి, ప్రతి చావు, ఎవరు ఎవరి కొడుకు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎక్కడికి పోయారు, అన్నీ అందులోనే. బీబీ పెళ్లయ్యాక ఆయన ఆమెతో మాట మానేశాడు. ఊరు విడిచే రోజున మాత్రం ఆమె గుమ్మంలోకి వచ్చాడు. దారిలో సోదాలు చేసి లాక్కుంటారేమోనని ఆ పుస్తకాన్నీ, చిరిగిపోయిన ప్రార్థన కాగితాలనూ మూటగట్టి ఆమె చేతిలో పెట్టాడు. "మన సమాధులు ఇక్కడే ఉన్నాయి, నువ్వూ ఇక్కడే ఉంటావు. పేర్లు కూడా ఇక్కడే ఉండనీ" అన్నాడట. బీబీకి ఆ హీబ్రూ లిపి రాదు, ఆడపిల్లలకు నేర్పలేదు. అందుకని ఆ సాయంత్రం గడపలోనే కూర్చుని పేజీ పేజీ తిప్పి పేర్లు చదివి వినిపించి, ఆమె చేత అప్పజెప్పించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా బీబీ ఒక బాలీసు కావాలంది. ఒక కొస కుట్టకుండా వదిలేయమంది. "రొండో పక్క నువ్వు కుట్టుకుంటావా బీబీ? నా కూలీలో సగం కోస్తా మరి" అని నాయన నవ్వుతూ ఎర్ర శాటిన్‌తో గలీబు కుట్టిచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆమె తలుపు గడియ పెట్టి, పెట్టెలోంచి మూట తీసి, చాప మీద విప్పింది. పెట్టె పెట్టెలుగా ఉన్న నీలినలుపు అక్షరాలు. ఒక్కొక్క పేజీ మీద వేలు పెట్టి పేర్లు చెప్పింది. ఎజ్రా, అతని కొడుకు హెస్కేల్. ససూన్, అతని భార్య ఖాతూన్. మెనషె, పురిట్లోనే పోయిన అతని బిడ్డ. మొదటి పేజీలో కింద రెండు వరసలు చూపించి, ఒకటి తన అసలు పేరనీ, రెండోది చెల్లెలిదనీ చెప్పింది. నడిపేజీల్లో వేలు ఆగిపోయింది. "ఇక్కడ ఎవరో... ముందు గుర్తుండేది, యా బింతీ" అంది. బింతీ అంటే బిడ్డా అని.

చెల్లెలి కొడుకొకడు లండన్‌లో ఉన్నాడట, ఆ లిపి చదవగలడట, ఎప్పటికైనా వస్తానని కబురు చేశాడట. పుస్తకం అతనికి. చిరిగిన ప్రార్థన కాగితాలు మాత్రం తనతోపాటు మట్టిలోకి. "దేవుడి పేరున్న కాగితం పాతబడితే మేము పారేయం, కాల్చం, మనిషిని పూడ్చినట్టు పూడుస్తాం" అంది. అన్నీ బాలీసు నడుమ పెట్టి, పురుగు పట్టకుండా ఎండు నిమ్మకాయలు వేసి, చుట్టూ నేను దూది కూరుతుంటే ఆమె వణికే చేత్తో వంకరగా కుట్టింది. ఎవరికీ చెప్పొద్దని నా తల మీద చెయ్యి పెట్టి మాట తీసుకుంది. సవతికొడుక్కి తెలిస్తే ఇంట్లో ఉంచనివ్వడని ఆమె భయం. ఆ భయం నాకు కొత్త కాదు. మా ఊళ్లో పీర్ల పండుగకు గుండం తొక్కేవాళ్లం, కువైట్‌లో మాత్రం ఆ ఊసెత్తొద్దని నాయన నా నోరు మూయించాడు. దాచుకోవడమంటే ఏమిటో నాకు తెలుసని గర్వపడ్డాను.

ఆ మరుసటి ఏడాది రెండు కష్టాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. పాత ఇళ్లన్నీ కూలగొడుతున్నారు, మాది కూడా ఖాళీ చేయాలన్నారు. అదే నెలలో బీబీ వాకిట్లో పడి తుంటి విరగ్గొట్టుకుని ఆస్పత్రిలో చేరింది. ఆమె సామాన్లు సల్వా ఇంటికి చేర్చమని సవతికొడుకు నాయనకు చెప్పి, "పనికొచ్చేవి తీసుకురా, మిగతావి ఖలాస్" అన్నాడు. నాయన పరుపులన్నీ వాకిట్లో వేశాడు. "కొత్తింటికి ఈ ముద్దలు గట్టిన దూదేంది, పాపం. ఏకి ఇస్తే ముసలామె సుకంగా పండుకుంటాది" అని విల్లు తీశాడు. నేను బడి నుంచి వచ్చేసరికి బాలీసు కొస విప్పి ఉంది, కాగితాలు గుడ్డ మీద ఉన్నాయి, నాయన గొంతుకూర్చుని వాటిని ముట్టుకోవడానికి భయపడుతూ చూస్తున్నాడు.

"ఇది అరబ్బీ గాదు, ఏ రాతో తెలీలే. బీబీ నీకేమన్నా చెప్పిందామ్మా?" అన్నాడు.

మాట తప్పకూడదు, కాగితాలు పోకూడదు. రెండూ దక్కించుకునే తెలివైన జవాబు కోసం వెతికాను. పన్నెండేళ్లయినా నిండలేదు, ఎంత తెలివి నాకు!

"దేవుడి పేరుంది నాయనా అందులో. పారెయ్యగాకు" అన్నాను.

నాయన ముఖం మారిపోయింది. రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. ఇక భద్రంగా బాలీసులోనే పెడతాడనుకున్నాను.

మా ఊళ్లో ఖురాను కాగితాలు పాతబడితే తెల్లగుడ్డలో చుట్టి, రాయి కట్టి, పెన్నలో నీళ్లున్నప్పుడు పెన్నలో, లేనప్పుడు పాడుబడ్డ బావిలో వదిలేవాళ్లు. దేవుడి పేరు కాలి కిందికి, మట్టిలోకి పోకూడదని. నాయనకు తెలిసిన మర్యాద అదొక్కటే. శుక్రవారం నమాజు కాగానే తలస్నానం చేసి, కొత్త తానులోంచి తెల్లగుడ్డ చింపి, అత్తరు రాసి, మూటగట్టి, సాయంత్రానికి నన్ను కూడా సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయాడు. పొంగు నిండుగా ఉంది. రాళ్ల మీద చెప్పులు విప్పి మోకాళ్ల లోతుకు దిగాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. అందులో మనుషుల పేర్లు కూడా ఉన్నాయి అంటే చాలు. ఎంత చిన్న మాట! ఆ మాట అంటే ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదని నాయన అడుగుతాడు, బీబీకి ఇచ్చిన మాట పోతుంది. అదే ఆలోచిస్తూ నేను ఆయన చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. బిస్మిల్లా అని నాయన చేతులు వదిలాడు. మూట ఒక క్షణం తేలింది, గుడ్డలోకి నీళ్లు నిండాక మునిగింది.

మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి నేరుగా అక్కడికే పరిగెత్తాను. ఆటు సమయం, సముద్రం చాలా దూరం వెనక్కి పోయి ఉంది. నల్లటి బురద, డబ్బాలు, పీతలు. తెల్లగుడ్డ ఒక రాయికి చిక్కి ఖాళీగా ఉంది. కొంచెం అవతల ఒక కాగితం బురదకు అతుక్కుని కనబడింది. ఒక్క అక్షరం లేదు, నీలంగా ఒక మరక ఉంది అంతే. తీయబోతే నా వేళ్ల మధ్య నానిన అన్నంలా విడిపోయింది. అక్కడ కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు, మళ్లీ పొంగు వచ్చి కాళ్లు తడిసేదాకా ఏడ్చాను.

నాయన బాలీసును మంచి దూదితో నింపి, ఆ నిమ్మకాయలు తిరిగి అందులోనే వేసి, ఆ వంకర కుట్టు ఉన్నచోట తన సన్నటి కుట్టు వేసి, ఆస్పత్రికి తీసుకుపోయాడు. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాను. బీబీ బాలీసును తడిమింది. వేళ్లతో నడిమిదాకా నొక్కింది.

"బీబీ, నువ్వు దిగులు పడొద్దు. దేవుని పేరుండే కాయితాలు గదా, మట్టిలో పడనీలే. మర్యాదగా సముద్రానికి ఇచ్చినా" అన్నాడు నాయన, తనకొచ్చిన ముక్కల ఉర్దూలో, ముఖం వెలిగిపోతుండగా.

ఆమె ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. తర్వాత నాయనతో, "అల్లా నీ చేతులు చల్లగా ఉంచాలి హుస్సేన్" అంది. అదే మాట ఎన్నిసార్లు తలుచుకున్నానో, అందులో వెటకారం ఏమైనా ఉందేమోనని ఎంత వెతికానో. లేదు. ఆయన మనసు ఆమెకు తెలుసు. నాయన నీళ్లకోసం బయటికి వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచింది.

"మొదటి పేజీ?" అంది.

ఎజ్రా, హెస్కేల్, ససూన్, ఖాతూన్, మెనషె అని గబగబా చెప్పాను. కింద ఉన్న అక్కాచెల్లెళ్ల పేర్లు కూడా చెప్పాను.

"రెండో పేజీ?"

ఒకటి చెప్పాను. ఆ పైన రాలేదు. ఆమె తను చెప్పబోయింది, పెదవులు కదిలాయి, ఆమెకూ రాలేదు. "ఖలాస్, యా బింతీ" అని గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే, చెంప మీద కొట్టి ఉంటే, ఈ బతుకు కొంచెం తేలికగా గడిచేదేమో.

రెండు వారాలకు ఆమె పోయింది. మరియం అనే పేరు మీద పూడ్చారు. ఆమె పక్కన పెట్టడానికి ఒక్క చిరుగు కాగితం కూడా మిగల్లేదు. బాలీసు నూరీకి ఇవ్వమందని సల్వా నుంచి మాకు పంపారు, నూరీ అంటే నేనే. చెల్లెలి కొడుకు రాలేదు. వచ్చాడో ఏమో, వస్తే ఆ చోట ఇల్లు లేదు, రేగిచెట్టు లేదు, అడుగుదామంటే ఎరిగిన మనిషి లేడు. తర్వాత అక్కడ కార్లు నిలుపుకునే జాగా చేశారు. నాయన అల్ రాయ్‌లో సోఫాలు చేసే షెడ్డులో కుదురుకున్నాడు, అక్కడ దూది లేదు, అంతా స్పాంజి. విల్లు గోడకు వేలాడి వేలాడి నారి తెగింది, మేము తిరిగి వచ్చేటప్పుడు దాన్ని మోసుకురాలేదు. ఇక్కడ మా వీధిలో కూడా ఇప్పుడు ఆ చప్పుడు వినబడదు.

నాయన మొన్న మొన్నటిదాకా బతికాడు. కువైట్‌లో ఏం సంపాదించావని ఎవరడిగినా, "ఏముంది లేబ్బా, ఒక పున్నెం జేసినా" అని ఆ కథే మొదలుపెట్టేవాడు. ఆ తెల్లగుడ్డ, ఆ అత్తరు, ఆ బిస్మిల్లా. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు జెప్పబట్టే గదమ్మా, లేకుంటే కుప్పలో పోయేటివి" అన్నాడు. అప్పుడూ చెప్పలేదు, ఆ సంతోషంతోనే ఆయన పోయాడు.

ఒకప్పుడు ఆ పేర్లు రోజూ అనుకునేదాన్ని, తప్పిపోకుండా. పెళ్లి, కాన్పులు, వంటిల్లు, మధ్యలో ఎప్పుడో వారానికోసారి అయింది, తర్వాత ఏడాదికోసారి. ఫర్హా, సల్హా అని ఇద్దరు అక్కాచెల్లెళ్లు. అందులో బీబీ ఎవరో, చెల్లెలు ఎవరో ఇప్పుడు చెప్పలేను. బాలీసుకు ముఖం ఆనించి ఎంతసేపు పడుకున్నా గుర్తురాదు.

దేవుడి పేరు ఎక్కడైనా దొరుకుతుంది. వాళ్ల పేర్లు ఆ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవు. నాయన అడిగినప్పుడు దేవుడి పేరుందని చెప్పాను. మనుషుల పేర్లున్నాయని చెప్పలేదు.